గాలి కొట్టే మొల

గోడకు ఒక మొల కొట్టించుకోవడం మన ఇళ్లలో చిన్న విషయమా? సంక్రాంతికి ముందే కొత్త క్యాలెండరు వస్తుంది. దాని మీద వెంకటేశ్వరస్వామి ఉంటాడు కనక కింద పెట్టడానికి వీల్లేదు. ఆదివారం పొద్దున ఆయనగారిని బతిమాలి స్టూలెక్కిస్తాం. సుత్తె కనపడదు. సుత్తె దొరికేసరికి మొల కనపడదు. రెండూ చేతికొచ్చేసరికి ఆయనకెవరో ఫోను చేస్తారు. ఎట్లాగో పని మొదలైతే మొదటి దెబ్బకు సున్నం రాలుతుంది, రెండో దెబ్బకు మొల వంగుతుంది, మూడోది తిన్నగా బొటనవేలి మీద పడుతుంది. ఇక ఆ ఏడాదంతా స్వామివారు బీరువా మీదే శేషశయనం.

మొల అంటున్నానని కోస్తా సోదరీమణులు నవ్వుకోవద్దు. మీరు మేకు అనేదాన్నే మా ఇందూరు జిల్లాలో మొల అంటాం. సీల అనేవాళ్లూ ఉన్నారు. పేరేదైనా బొటనవేలికి తగిలే దెబ్బ ఒక్కటే.

ఆ సుత్తె దెబ్బ ఇప్పుడు వినిపించడం తగ్గిపోయింది. నిజామాబాదులో కొత్తిల్లు కడుతున్న చోట, వంటింట్లో అరలు, పడకగదిలో గోడకంత బీరువాలు చేయిస్తున్న చోట మొదట చెవిన పడేది ఒక మోటారు రొద. నీళ్ల మోటారు కాదు, గాలిని కుదించి డబ్బాలో దట్టించే కంప్రెసరు. దాని నుంచి పాములాగా ఒక గొట్టం. గొట్టం చివర పిస్తోలు ఆకారంలో ఒక పనిముట్టు. కుర్రాడు దాన్ని చెక్కకు ఆనించి వేలు నొక్కుతాడు. టప్పుమని ఒక్క చప్పుడు. మొల తలతో సహా చెక్కలోకి వెళ్లిపోయి ఉంటుంది. నిమిషంలో నలభై యాభై కొట్టగలడు. మొల వంగదు, బొటనవేలు నలగదు. పనివాళ్లు దీన్ని గన్ను అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు.

మా పక్కింటి వదినగారు వంటిల్లు మార్పించుకుంటుంటే చూడడానికి వెళ్లాను. పని చేస్తున్నది రాజస్థాన్ నుంచి వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు. ఆ పూట వాళ్లింటి పాత వడ్లాయన కూడా వచ్చి గుమ్మం దగ్గర కూచున్నాడు. బోధన్ వైపు మనిషి. డెబ్బై దాటాయి. వయసులో ఉండగా చక్కెర ఫ్యాక్టరీ క్వార్టర్లకు తలుపులూ కిటికీలూ చేసినవాడు. గన్ను పని చాలాసేపు తేరిపార చూశాడు.

"మంచిగుంది గదా తాతా?" అని వదినగారు అడిగారు.

"మంచిగనే ఉన్నదమ్మా. పని జల్ది అయితది. గని ఒక్కటే. సుత్తె ముందుగాల చెప్పి కొడ్తది. గిది కొట్టినంక చెప్తది" అన్నాడు.

ఇంత చక్కగా ఏ ఇంజనీరూ చెప్పలేడు. సుత్తె పట్టిన చెయ్యి పైకి లేస్తుంది, ఒక్క క్షణం నిలుస్తుంది, దిగుతుంది. ఆ పైకీ కిందికీ మధ్య కన్ను చూసుకుంటుంది, అవతలి చెయ్యి తప్పుకుంటుంది, పక్కన ఆడుకుంటున్న పిల్ల వెనక్కి జరుగుతుంది. గన్నులో ఆ గడువు లేదు. అనుకోవడమూ అయిపోవడమూ ఒక్కటే. ఒక్కోసారి అనుకోకపోయినా అయిపోతుంది, చిక్కంతా అక్కడే. పోయిన ఆ రెప్పపాటు గడువును మళ్లీ పనిముట్టులోకి తెచ్చి పెట్టడానికి పడిన పాట్లే దీని చరిత్రలో అసలు కథ. ఆ కథను మా జిల్లాలోనే మొదలుపెట్టడానికి నాకు హక్కుంది. ఎందుకంటే గాలికీ ఇనుముకూ ఇక్కడ చాలా పాత చుట్టరికం.

కమ్మర్‌పల్లి పేరు వినే ఉంటారు. పేరులోనే కమ్మరి ఉన్నాడు. ఆ చుట్టుపక్కలే కోనసముద్రం అని ఒక పల్లె. ఈ రోజు బస్సు దిగి చూస్తే అన్ని పల్లెల్లాంటి పల్లే. కానీ ఒకప్పుడు ఈ ఊరి ఉక్కు కోసం పర్షియా నుంచి వర్తకులు వచ్చి మకాం వేసేవారు. డమాస్కస్ కత్తులని లోకమంతా చెప్పుకున్న ఆ కత్తులకు ఉక్కు దక్షిణాది నుంచి వెళ్లేది, అందులో మన కోనసముద్రానిదీ పెద్ద పేరే. లాంబ్టన్ దొర సర్వే బృందంలో డాక్టరుగా ఉంటూ రాళ్లూ ఖనిజాలూ పరిశీలించిన హెన్రీ వాయ్‌సీ అనే ఆయన 1820 ప్రాంతంలో ఈ ఉక్కు తయారీ కళ్లారా చూసి రాసిపెట్టాడు. ఆయన 1824లో చనిపోతే, ఆ రాత 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. యూరపువాళ్లు ఈ ఉక్కును వూట్జ్ అన్నారు. మన దక్షిణాది "ఉక్కు" అన్న మాటే వాళ్ల నోట నలిగి అలా అయిందని పండితుల అభిప్రాయం. లండనులో మైకేల్ ఫారడే అంతటివాడు దీని గుట్టు తెలుసుకోవాలని ప్రయోగాలు చేశాడు.

ఇంతకీ ఆ గుట్టులో సగం గాలి. మట్టి మూసలో ఇనుప ముక్కలూ బొగ్గుకు పనికొచ్చే పదార్థాలూ వేసి, మూతపెట్టి, కొలిమిలో గంటల తరబడి కాల్చాలి. మామూలు మంట చాలదు. తోలు తిత్తులతో ఎడతెగకుండా గాలి ఊదుతూ ఉండాలి. తిత్తి ఆగితే ఉక్కు లేదు. దేహాన్ని తోలుతిత్తి అని మన పెద్దలు ఊరికే అనలేదు కాబోలు. అయితే ఒక్క సంగతి గమనించండి. తిత్తిలో గాలి మనిషి చెప్పుచేతల్లో ఉండేది. గట్టిగా తొక్కితే గట్టిగా వీచేది, మెల్లగా తొక్కితే మెల్లగా వీచేది, మనిషి అలిసి కూచుంటే అదీ కూచునేది. దాచుకున్న బలమంటూ దానికి లేదు.

అంత ఉక్కు చేసిన నేల మీద కూడా మొల మాత్రం ఖరీదైన వస్తువే. ఒక్కొక్క మొలనూ కమ్మరి కాల్చి, సాగదీసి, తల కొట్టి చెయ్యాలి. అందుకే పాత ఇళ్ల తలుపులు చూడండి, ఒక కొయ్య నోట్లో ఇంకో కొయ్య కొసను దూర్చి, అడ్డంగా చెక్క పుల్ల బిగించి ఉంటాయి. ఇనుము ఎక్కడో తప్పనిసరి అయిన చోటే. నూరేళ్లయినా ఆ తలుపు కదలదు. అది పనితనమే, కాదనను. కానీ అందులో మొలల పొదుపు కూడా ఉంది!

మొలలు చవక కావడం వెనక మనలాంటి ఆడవాళ్ల కష్టం ఉందంటే నమ్ముతారా? ఇంగ్లండులో బ్లాక్ కంట్రీ అని పిలిచే ప్రాంతంలో, డడ్లీ, క్రాడ్లీ వంటి ఊళ్లలో, 19వ శతాబ్దంలో మొలల తయారీ కుటీర పరిశ్రమ. ఇంటి పెరట్లోనే కొలిమి. తల్లి, కూతుళ్లు, చివరికి చిన్నపిల్లలు కూడా సుత్తె పట్టి మొలలు కొట్టేవారు. పక్కన ఉయ్యాలలో చంటిపిల్ల. ఫాగర్లని పిలిచే దళారులు ఇనుప కడ్డీలిచ్చి, చేసిన సరుకు తూకం వేసి, తమకు తోచినంత చేతిలో పెట్టేవారు. తర్వాత యంత్రాలొచ్చి తీగను ముక్కలు కోసి మొలలుగా పోసెయ్యడంతో ఆ బతుకూ పోయింది. అదే క్రాడ్లీ హీత్‌లో గొలుసులు చేసే స్త్రీలు 1910లో మేరీ మకార్థర్ నాయకత్వంలో పది వారాలు సమ్మె చేసి తమకు రావలసిన కనీస కూలి సాధించుకున్నారు. సుత్తె మగవాడి సొత్తని ఎవరైనా అంటే ఈ మాట వాళ్లకు చెప్పండి.

సరే, మొలలు రాశులుగా వచ్చాయి. కొట్టే చెయ్యి మాత్రం పాతదే. ఆ చేతి స్థానంలో గాలి ఎట్లా వచ్చిందో తెలియాలంటే ముందు వంటింట్లోకి వెళ్లాలి.

1679లో డెనీ పాపాన్ అనే ఫ్రెంచివాడు బిగుతు మూత ఉన్న ఒక ఇనుప పాత్ర చేశాడు. ఎముకలు వేసి ఉడికిస్తే వెన్నలా మెత్తబడేవట. 1682లో లండను రాయల్ సొసైటీ పండితులకు దానిలో వండి విందు కూడా పెట్టారు. అదే మన ప్రెషర్ కుక్కరుకు ముత్తాత. అయితే పాపాన్ చేసిన గొప్ప పని ఆ పాత్ర కాదు, దాని నెత్తిన పెట్టిన చిన్న బరువు. లోపలి ఒత్తిడి హద్దు దాటితే ఆ బరువు లేచి ఆవిరి బయటికి పోతుంది. మనం రోజూ కూతలు లెక్కపెట్టుకునే వెయిటు అదే. అంటే మూసిపెట్టిన బలాన్ని ఇంట్లోకి తెచ్చిన మనిషే, దాని కోపం దిగే దారి కూడా చేసి మరీ తెచ్చాడు.

ఇక మా బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో ఇందుకు సరిగ్గా తలకిందుల పని జరిగేది. మంజీర మీద 1923 నుంచి 1931 దాకా నిజాంసాగర్ కట్టారు. ఆ కాలువ నీళ్లు పారాక చెరుకు పెరిగింది. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టారు. ఆ కాలనీ పేరే శక్కర్‌నగర్. ఆసియాలోకెల్లా పెద్ద చక్కెర ఫ్యాక్టరీ అని చెప్పుకుంటూ మావాళ్లు రెండంగుళాలు ఎత్తు పెరిగేవారు. పల్లెలో బెల్లం వండేవాళ్లు పెద్ద పెనంలో రసం సలసలా కాగబెడతారు. రసం ఎర్రబడి బెల్లమవుతుంది. ఫ్యాక్టరీలో అట్లా కాదు. మూసిన పాత్రలోంచి గాలిని లాగేస్తారు. గాలి ఒత్తిడి తగ్గితే రసం నూరు డిగ్రీలకు ఎంతో కిందనే మరుగుతుంది, మాడదు, తెల్లని పలుకు కడుతుంది. ఈ పద్ధతి 1813లో ఎడ్వర్డ్ హోవర్డ్ అనే ఇంగ్లీషాయన కనిపెట్టాడు. దాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లి, ఒక పాత్ర ఆవిరితో ఇంకో పాత్ర మరిగించే ఏర్పాటుకు 1843లో పేటెంటు పొందినవాడు నార్బర్ట్ రిల్యూ. అమెరికాలో న్యూ ఆర్లియన్స్‌వాడు, తల్లి బానిసత్వం లేని నల్లజాతి స్త్రీ. అంతకు ముందు అక్కడి చెరుకు తోటల్లో బానిసలు మరిగే రసాన్ని గరిటెలతో ఒక కాగు నుంచి ఇంకో కాగుకు పోస్తూ ఒళ్లు కాల్చుకునేవారు. రిల్యూ యంత్రం ఆ గరిటెను వాళ్ల చేతిలోంచి తీసేసింది.

కొన్ని యంత్రాలు అపాయాన్ని మనిషి నుంచి దూరంగా జరుపుతాయి, కొన్ని శ్రమను తీసేసి అపాయాన్ని అరచేతిలో పెడతాయి. చక్కెర యంత్రం మొదటి రకం. గన్ను రెండో రకం. బోధన్ ఫ్యాక్టరీ సంగతి చెప్పాలంటే, 2002లో చేతులు మారి, 2015 డిసెంబరులో ఆగిపోయింది. దాని దుఃఖం వేరే వ్యాసం.

గాలిని కుదించి కష్టమైన పని చేయించడం పెద్ద ఎత్తున మొదలైంది ఆల్ప్స్ కొండల్లో. ఫ్రాన్సుకూ ఇటలీకీ మధ్య మోఁ సెనీ దగ్గర పన్నెండు కిలోమీటర్లకు పైగా సొరంగం 1857లో మొదలుపెట్టారు. చేత్తో తొలుస్తుంటే ఎప్పటికీ తేలేలా లేదు. ఆవిరి యంత్రం లోపల పెడితే పొగకు మనుషులు చచ్చిపోతారు. అప్పుడు సోమెయేర్ అనే ఇంజనీరు గాలిని బయట కుదించి గొట్టాల ద్వారా లోపలికి పంపి, దానితో రాతిని తొలిచే యంత్రాలు నడిపాడు. పని చేసి విడుదలైన గాలి లోపలివాళ్లకు ఊపిరి కూడా అయింది. 1871లో సొరంగం తెరుచుకుంది.

దీనికో ముచ్చట ఉంది. అమెరికాలో జార్జ్ వెస్టింగ్‌హౌస్ అనే యువకుడి దగ్గరికి ఒక అమ్మాయి పత్రికకు చందా కట్టమని వచ్చిందట. మొహమాటపడి కట్టాడు. ఆ పత్రికలో ఈ సొరంగం గురించి చదివి, రైలును గాలితో ఆపవచ్చు కదా అని ఆలోచించి, 1869లో గాలి బ్రేకుకు పేటెంటు తీసుకున్నాడు. పత్రికలకు చందా కట్టండని మేం మొత్తుకునేది ఇందుకేనమ్మా! ఆయన తర్వాత దాన్ని ఇంకా మార్చాడు. గొట్టంలో గాలి నిండి ఉన్నంతసేపే బండి కదలాలి, గొట్టం తెగినా గాలి కారినా బ్రేకులు వాటంతటవే పడిపోవాలి. అంటే తేడా వస్తే యంత్రం ఆగే వైపే మొగ్గాలి. ఇది పాపాన్ వెయిటుకు తమ్ముడిలాంటి ఆలోచన.

మరి మొలలు కొట్టే గన్నుకు ఇట్లాంటి బుద్ధి పుట్టుకతో ఎందుకు రాలేదు? అది తొందరలో పుట్టింది.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికాలో లోహం కరువైంది. హోవర్డ్ హ్యూస్ అనే కోటీశ్వరుడు చెక్కతో ఒక బ్రహ్మాండమైన విమానం కట్టించాడు. హెర్క్యులిస్ అని దాని పేరు. రెక్కల వెడల్పు 320 అడుగులు. పలుచని చెక్క పలకలను జిగురుతో అంటించి, జిగురు ఆరేదాకా కదలకుండా మొలలు కొట్టి, ఆరాక ఆ మొలలన్నీ పీకెయ్యాలి. పీకెయ్యడానికే కొట్టే మొలలు! ఆ పనిలో ఉన్న మోరిస్ పైనూస్ అనే ఇంజనీరుకు ఈ మొలల బాధ నుంచే గన్ను ఆలోచన వచ్చింది. విమానం 1947 నవంబరు 2న ఒక్కసారి, ఒక మైలు దూరం ఎగిరి, మళ్లీ ఎగరలేదు. గన్ను మాత్రం ఎగిరింది. 1950లో బజారుకు వచ్చింది. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు వేలకు వేలు చెక్క ఇళ్లు కట్టాలి, ఎంత త్వరగా కడితే అంత లాభం. మొదటి గన్ను నిలబడి నేల మీది చెక్కలకు కొట్టే రకం. నిమిషానికి 40 నుంచి 60 మొలలు. ఆ వేగానికి అందరూ మోజుపడ్డారు. వేళ్ల సంగతి తర్వాత చూసుకోవచ్చనుకున్నారు.

దీని పొట్టలో పెద్ద విద్యేమీ లేదు. ఒక గొట్టం, అందులో అటూఇటూ జరిగే పిస్టను, పిస్టనుకు అంటుకుని ఉక్కు నాలుక. నాలుక ముందుకు మొలలు వరసగా వచ్చి నిలబడతాయి. మీట నొక్కగానే కుదించిన గాలి ఒక్కసారిగా పిస్టను నెత్తిన పడుతుంది. నాలుక మొలను తోసేస్తుంది. ఆ వెంటనే గాలి తిరిగి పిస్టనును పైకి తెస్తుంది. ఎంత బలమంటారా? మన కుక్కరు కూత వేసేటప్పుడు లోపల ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో. గన్ను గొట్టంలో ఉండేది రకాన్ని బట్టి నాలుగైదు కిలోల నుంచి ఏడెనిమిది కిలోల దాకా. ఏడు కుక్కర్ల కోపం ఒక్క సూది మొన మీదికి వచ్చిందనుకోండి.

అందుకని గన్ను ముక్కుకు ఒక తాళం పెట్టారు. ముక్కును చెక్కకు ఆనించి నొక్కితేనే మీట పనిచేస్తుంది, గాల్లో నొక్కితే పేలదు. బాగానే ఉంది. కానీ రెండు రకాలొచ్చాయి. ఒక రకంలో మీట నొక్కిపట్టి ఉంచి, ముక్కును ఎక్కడెక్కడ తాకిస్తే అక్కడల్లా మొల దిగుతుంది. తాకితే చాలు. అది చెక్కా, మోకాలా అన్నది గన్నుకు అనవసరం. పైగా మొల కొట్టిన అదురుకు గన్ను ఎగిరి మళ్లీ తాకితే, అడగని రెండో మొల కూడా దిగుతుంది. రెండో రకంలో వరస తప్పకూడదు. ముందు ముక్కు ఆనాలి, తర్వాతే మీట. ప్రతి మొలకూ రెండూ వదిలి మళ్లీ మొదటి నుంచి చెయ్యాలి. లోపలి మూత ఉండే కుక్కరు ఆవిరి దిగేదాకా తెరుచుకోదు చూడండి, మనం ఎంత తొందరపడినా సరే. అదే ధర్మం. వడ్లాయన చెప్పిన "ముందుగాల చెప్పడం" ఈ రెండో రకం కొంతైనా తెస్తుంది.

అయితే పనివాళ్లకు మొదటి రకమే ఇష్టం, వేగం కదా. దీని మీద అమెరికాలో పరిశోధన చేశారు. అనుభవమున్న పదిమంది వడ్రంగుల చేత ఒక్కొక్కరితో ఒకేలాంటి రెండు చిన్న చెక్క కట్టడాలు కట్టించారు, ఒకటి ఈ గన్నుతో, ఒకటి ఆ గన్నుతో. మొలలు కొట్టే సమయంలో తాకితే పేలే రకం 10 శాతం ముందున్న మాట నిజమే. మొత్తం కట్టడం పూర్తయ్యే సమయంలో లెక్కేస్తే ఆ తేడా ఒక్క శాతం కూడా లేదు. గన్ను కన్నా పట్టిన చెయ్యి తేడాయే ఎక్కువ. గాయాలు చూస్తే, తాకితే పేలే రకంతో రెండో రకానికి రెట్టింపు ప్రమాదం. ఒక్క శాతం తొందర కోసం ఇంత బేరం ఏ ఇల్లాలైనా చేస్తుందా? కూరగాయల బండి దగ్గర కూడా చెయ్యదు.

2001 నుంచి 2005 దాకా లెక్కతీస్తే ఆ దేశంలో ఏడాదికి సుమారు 37,000 మంది ఈ గన్ను గాయాలతో ఆసుపత్రుల అత్యవసర విభాగాలకు వెళ్లారు. అందరూ పనివాళ్లే అనుకునేరు. ఏడాదికి దాదాపు 14,800 మంది ఆదివారం పూట ఇంట్లో పని చేసుకుందామని గన్ను తెచ్చుకున్న గృహస్థులు. ఎక్కువ గాయాలు చేతులకూ వేళ్లకూ. 2011లో అక్కడి ప్రభుత్వ సంస్థలు ఈ గన్ను గురించి ప్రత్యేకంగా ఒక చిన్న పుస్తకమే వేసి, వరస తప్పని రకమే వాడమని చెప్పాయి. గన్ను బజారుకొచ్చిన 61 ఏళ్లకు!

మన ఇళ్లకు వచ్చేది చాలావరకు ప్లైవుడ్డు పనికి వాడే చిన్న గన్ను, సన్నని పిన్నులు. చిన్నది కదా అని తేలిక చెయ్యడానికి లేదు. ముక్కు తాళమే లేని రకాలు కూడా ఉన్నాయి. తాళం ఉన్నా, పని అడ్డొస్తోందని దాని స్ప్రింగు తీసేసేవాళ్లూ, మీటను తీగతో కట్టేసేవాళ్లూ ఉంటారు. పని మొదలయ్యే రోజు టీ ఇస్తూ, "బాబూ, ఒకసారి దాన్ని గాల్లో నొక్కకుండా నాకు చూపించు, ముక్కు ఆనకపోతే పేలదు కదా?" అని అడగండి. అడగడానికి సిగ్గెందుకు, ఇల్లు మనది, వేళ్లు వాళ్లవి. ఇరవై రూపాయల కళ్లజోడు కాదు గానీ, పక్కలు కూడా మూసి ఉన్న మంచి రక్షణ అద్దాలు రెండు జతలు మనమే కొనిపెట్టినా నష్టం లేదు. బీరువాకు పెట్టే అద్దం ఖరీదులో అదెంత?

ప్లైవుడ్డు పలుచన, పిన్ను పొడుగు. అవతలి పక్క చెయ్యి ఆనించి పట్టుకున్నవాడి అరచేతిలోకి వెళ్లిపోతుంది. పట్టుకునే చెయ్యి ముక్కుకు జానెడు దూరం చాలదు, అడుగైనా ఉండాలి. మా జిల్లాలో ఇంకో సంగతి. పాత ఇళ్లు విప్పిన టేకు దొరికితే ఎవరం వదలం, అది బంగారమే. కానీ ఆ టేకులో కణుపులుంటాయి, ఎప్పటివో విరిగిన మొలలు లోపలే ఉంటాయి. గన్ను మొల వాటికి తగిలి వంకరపోయి పక్కనించి బయటికి వస్తుంది. అట్లాంటి చెక్క ఉన్న చోట పాత సుత్తెనే పట్టమనండి. పిల్లలను ఆ గదిలోకే రానివ్వకండి. పిస్తోలులా ఉన్నదాన్ని పిల్లవాడు ముట్టుకోకుండా ఉంటాడనుకోవడం దేవుడి మీద భారం వెయ్యడమే. భోజనానికి లేచినా, మొల ఇరుక్కుని సరిచెయ్యాలన్నా, ముందు గొట్టం ఊడదియ్యాలి. మీట మీద వేలు లేదు కదా అని ఊరుకోకూడదు.

ఎండాకాలం మా నిజామాబాదు ఎండలకు కుర్రాళ్లు గాలి గొట్టం చొక్కాలోకి పెట్టుకుని చల్లబడడం, ఒకరి మీద ఒకరు సరదాగా వదలడం చేస్తుంటారు. ఈ సరదా ప్రాణాలు తీసింది. ఒంట్లోకి దూరిన గాలి పేగులను చీలుస్తుంది. అమ్మలా గట్టిగా కోప్పడండి, తప్పులేదు. అలాగే కంప్రెసరు చెడిపోయిందని వెల్డింగు షాపు నుంచి ఆక్సిజన్ సిలిండరు తెచ్చి గన్నుకు తగిలిస్తామంటే ఆ రోజుకు పని ఆపించెయ్యండి. లోపలి నూనెకూ ఆక్సిజనుకూ పొసగదు, గన్ను చేతిలోనే పేలిపోతుంది.

ఇంత చేసినా ఎవరికైనా మొల దిగితే? మన చెయ్యి ముందు పీకెయ్యమంటుంది. పీకకండి. ఈ మొలలు వరసగా ఉండడానికి తీగతోనో జిగురుతోనో అతికించి ఉంటాయి. దిగేటప్పుడు ఆ ముక్కలు ముల్లులా వెనక్కి మొనదేలి ఉండవచ్చు, పీకితే నరాలనూ కండనూ కోసుకుంటూ వస్తాయి. ఎముకలో దిగిందో లేదో ఎక్స్‌రే చెప్పాలి. మొల కదలకుండా చుట్టూ శుభ్రమైన గుడ్డ పెట్టి, చెయ్యి ఎత్తిపట్టి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పసుపూ కాఫీపొడీ అద్దవద్దు. చిన్న రంధ్రమే కదా, రక్తం కూడా రాలేదు కదా అని ఆ కుర్రాడు సిగ్గుపడి పనిలోకి దిగుతాడు. దిగనివ్వకండి. ధనుర్వాతం ఇంజక్షను ఎప్పుడు వేయించుకున్నాడో అతనికే గుర్తుండదు. కంట్లో పడితే నీళ్లు కొట్టకూడదు, నులమకూడదు, మీద బరువు పడకుండా ఒక కప్పు బోర్లించి పట్టి పరుగెత్తాలి.

సాయంత్రం పని ముగిశాక ఒక చిన్న పని మిగులుతుంది, ఇది చాలామంది చెయ్యరు. కంప్రెసరు డబ్బా అడుగున ఒక చిన్న కుళాయి ఉంటుంది. గాలిని కుదిస్తే అందులోని తేమ నీరుగా దిగి అక్కడ చేరుతుంది. వానాకాలంలో మరీ ఎక్కువ. రోజూ తీసెయ్యకపోతే డబ్బా లోపలినించి తుప్పు పట్టి, రేకు పలచబడి, ఏదో ఒక రోజు పగులుతుంది. మోటారు ఆపి, ఒత్తిడి తగ్గించి, ఆ కుళాయి మెల్లగా తిప్పమనండి. మొదట ఎర్రటి నీళ్లు వస్తాయి, తర్వాత బుస్సుమని గాలి వస్తుంది. కింద పాత గుడ్డ పరిచి ఉంచండి, కొత్త గచ్చు మీద ఆ తుప్పు మరక పడితే ఒక పట్టాన పోదు.